గుట్ట దేవుడైతే కాలు ఎక్కడ పెట్టాలి?

ఆలాపల్లి దాటి సిరోంచ వైపు పోయే రోడ్డు టేకు అడవి మధ్యలోంచి సాగుతుంది. ఆ దారి మీదే జిమల్‌గట్ట. మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా, అహేరి తాలూకా. బడిలో పిల్లలు మరాఠీ చదువుతారు, బజారులో తెలుగు వినిపిస్తుంది, గూడేల్లో గోండీ, మాడియా మాట్లాడతారు. ఊరి చుట్టుపక్కలంతా గుట్టలు. ఆకాశాన్ని అంటే శిఖరాలేమీ కావు. ఒకటి ఒరిగేసరికి ఇంకొకటి లేస్తూ కనుచూపు మేర సాగిపోతాయి. వెదురు పొదలు, నల్లమద్ది, తునికి, ఇప్ప. ఫాల్గుణం వచ్చేసరికి ఆకు రాలిన కొమ్మల మీద మోదుగు ఎర్రగా పూస్తుంది. ఎండలు ముదిరే ముందు ఇప్పపువ్వు ఏరడానికి జనం తెల్లవారకుండానే బయల్దేరతారు. తునికాకు కోతల కాలంలో ఇంటిల్లిపాదీ గుట్ట బాట పడతారు.

ఇక్కడ గుట్ట మీద నడక కూటి కోసం. అయినా దానికి ఒక మర్యాద ఉంది. గోండు, కోయ, మాడియా పల్లెలున్న అడవుల్లో బాట కనుమ దాటే చోట రాళ్ళ కుప్పో, ఎండుకొమ్మల కుప్పో కనిపిస్తుంటుంది. దాటిపోయేవాళ్ళు ఒక రాయో, ఆకుల రెమ్మో దాని మీద వేసి ముందుకు సాగుతారు. కొన్ని చెట్ల దగ్గర చెప్పులు విడుస్తారు. కొన్ని గుట్టల మీద ఆకు కోస్తారు, పువ్వు ఏరతారు, పశువులను తోలతారు. ఇంకొన్ని గుట్టల జోలికి మాత్రం పోరు. అక్కడ గుడి ఉండదు, గంట ఉండదు, బోర్డు ఉండదు. గుట్టే దేవుడు, లేదా దేవుడు గుట్టలోనే ఉన్నాడు. ఈ రెండింటికీ మధ్య గీత గీయమని అక్కడెవరూ అడగరు.

బయటి నుంచి చూసేవాడికి మాత్రం ఒక చిక్కు ఎదురవుతుంది. గుట్ట దేవుడే అయితే ఆ దేవుడి ఒంటిమీద కాలు పెట్టడం ఎలా?

తెలుగు ఇళ్ళలో పెరిగిన వాళ్ళకు ఈ ప్రశ్న వింతేమీ కాదు. పుస్తకానికి కాలు తగిలితే వెంటనే ముట్టుకుని కళ్ళకు అద్దుకుంటాం. పక్కన కూర్చున్న మనిషికి తగిలినా అంతే. పొద్దున్నే మంచం దిగేటప్పుడు నేలను తొక్కుతున్నందుకు భూదేవిని క్షమాపణ కోరే శ్లోకం కొన్ని ఇళ్ళలో ఇప్పటికీ పిల్లలకు నేర్పుతారు. పాదం అంటే మనకు రెండర్థాలు: పెద్దలదైతే మొక్కేది, మనదైతే తగలకూడనిది. ఈ సంస్కారంలోంచి చూస్తే దేవుడి కొండ ఎక్కడమే ఒక అపరాధం. ఎక్కకపోతే దర్శనం లేదు. ఎక్కితే తొక్కినట్టు.

తిరుమల విషయంలో ఈ చిక్కును వైష్ణవులు చాలా లోతుగా అనుభవించారు. ఏడుకొండలు ఆదిశేషుడి శరీరమని వారి విశ్వాసం. కొందరు ఆళ్వారులు ఆ కొండ మీద కాలు మోపడానికి మనసొప్పక కింది నుంచే సేవించారని సంప్రదాయం చెబుతుంది. రామానుజులు కూడా అలాగే సంకోచించి, చివరకు మోకాళ్ళ మీద ఎక్కారంటారు. అలిపిరి దారిలో మోకాళ్ళ మెట్టు దగ్గర ఆ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. తాళ్ళపాక అన్నమయ్య పసివయసులో కొండెక్కుతూ అక్కడే సొమ్మసిల్లితే, అలమేలుమంగ కనిపించి చెప్పులతో ఎక్కుతున్నావు కనుకే కొండ నీకు కనబడలేదని చెప్పిందనీ, చెప్పులు విడిచి చూస్తే కొండంతా సాలగ్రామమయంగా తోచిందనీ మరో కథ. చరిత్రకారుడు వీటికి రుజువులు అడగవచ్చు. కానీ రెండు కథలూ ఒకే సమస్యకు రెండు జవాబులు. ఒకటి నడక తీరును మార్చింది, మరొకటి నడిచేవాడి చూపును మార్చింది. ఎక్కవద్దని రెండూ చెప్పలేదు. 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరుచుకునే దాకా కొండెక్కడమంటే కాలినడకే, కాకుంటే డోలీ. ఇవాళ బస్సులు వచ్చాక కూడా మూడున్నర వేల మెట్లు ఎక్కే మొక్కు బతికే ఉంది. మోకాళ్ళ మెట్టు దగ్గర మోకాళ్ళ మీద పాకేవాళ్ళు రోజూ కనిపిస్తారు.

జిమల్‌గట్ట వైపు జనానికి తిరుమల కన్నా మేడారం దగ్గర. సిరోంచ దిగువన గోదావరి దాటితే కాళేశ్వరం, అక్కణ్ణుంచి అడవి దారిలో ములుగు జిల్లా తాడ్వాయి మండలంలోని మేడారం. రెండేళ్ళకోసారి మాఘ పౌర్ణమి రోజుల్లో జరిగే సమ్మక్క సారలమ్మ జాతరకు గడ్చిరోలి నుంచి, బస్తర్ నుంచి జనం ఏనాటి నుంచో వస్తున్నారు. రోడ్లు లేని రోజుల్లో ఎడ్లబండ్ల మీద వచ్చేవారు. తెలంగాణ ఆవల ఎన్ని జిల్లాలకు ఆ తల్లులు వేలుపులో అక్కడి బండ్ల బారులు చెప్పేవి.

మేడారంలో చూడవలసింది గద్దెలను మాత్రమే కాదు. ఊరికి ఆనుకుని చిలకలగుట్ట ఉంది. కాకతీయుల సేనలతో పోరులో గాయపడిన సమ్మక్క ఆ గుట్ట వైపు నడిచి వెళ్ళి మలుపులో అదృశ్యమైందని కథ. వెతుక్కుంటూ పోయిన వాళ్ళకు నాగవృక్షం కింద పుట్ట దగ్గర కుంకుమ భరిణె దొరికింది. ఆ భరిణే అమ్మవారు. విగ్రహం లేదు. జాతరలో గురువారం నాడు కోయ పూజారి గుట్ట మీదికి వెళతాడు. లక్షల మంది కిందే నిలబడతారు. పైన ఏ చోట, ఏ విధంగా పూజ జరుగుతుందో వాళ్ళెవరూ చూడరు, చూడాలని తోసుకుని ఎక్కరు. పూజారి భరిణెతో గుట్ట దిగగానే జిల్లా పోలీసు అధికారి గాల్లోకి తుపాకీ పేల్చి స్వాగతం పలుకుతాడు. అప్పటిదాకా కాచుకున్న జనం ఒక్కసారిగా ఉప్పొంగుతుంది. దేశంలో అతి పెద్ద జాతరల్లో ఒకటైన ఈ ఉత్సవంలో అతి ముఖ్యమైన ఘట్టం ఎవరి కంటా పడకుండా జరుగుతుంది. గుట్ట మీద కాలు పెట్టకపోవడమే ఇక్కడ భక్తి. మోకాళ్ళ మెట్టు వంద మందీ ఎక్కే దారి చూపిస్తే, చిలకలగుట్ట తొంభై తొమ్మిది మందిని ఆగమంటుంది. వారందరి తరఫునా ఒకరే ఎక్కుతారు.

ఆగిపోవడం ఓటమి కాదన్న ఎరుక పర్వతారోహకులకూ అప్పుడప్పుడు కలిగింది. 1955 మే 25న జో బ్రౌన్, జార్జ్ బ్యాండ్ కాంచనగంగ ఎక్కారు. ఆ శిఖరం సిక్కిం వాసులకు దైవం. తుది కొసను తొక్కబోమని సిక్కిం పాలకుడికి ముందే మాట ఇచ్చారు కనుక, ఇంకా కొద్ది అడుగులుండగానే ఆగి వెనుదిరిగారు. ఆస్ట్రేలియాలోని ఉలూరు శిలను అనంగు ప్రజలు పవిత్రంగా చూస్తారు, ఎక్కవద్దని దశాబ్దాల పాటు యాత్రికులను వేడుకున్నారు. 2019 అక్టోబరు 26న గాని ఆ ఎక్కడం పూర్తిగా ఆగలేదు. చివరి వారాల్లో ఎక్కడానికి వచ్చినవాళ్ళ వరుస చూస్తే, దేవుడి కన్నా ఫొటో బలమైనదా అన్న సందేహం కలుగుతుంది. కాంచనగంగ దగ్గర ఇచ్చిన మాట చాలింది. ఉలూరుకు నిషేధం కావలసి వచ్చింది.

అయితే గుట్ట ఎక్కకపోవడం ఎప్పుడూ మంచిదేనా? ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించాలి, ఎందుకంటే ఎక్కవద్దన్న మాటను దేవుడి కన్నా ఎక్కువసార్లు యజమానే అన్నాడు.

ఇంగ్లండు, స్కాట్లండు ఎగువ భూములను హెదర్ అనే చిట్టి పొద కప్పి ఉంటుంది. వేసవి చివర కొండలన్నీ ఊదా రంగుకు తిరుగుతాయి. ఒకప్పుడు ఊరుమ్మడిగా పశువులు మేసిన ఆ కొండలు పెద్ద భూస్వాముల చేతుల్లోకి వెళ్ళి, గ్రౌస్ పిట్టల వేట కోసం కంచెల్లో పడ్డాయి. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ చుట్టుపక్కల మిల్లు కార్మికులు, యువకులు కొన్ని వందల మంది కిండర్ స్కౌట్ అనే ఎత్తైన బీడు మీదికి కావాలనే అడుగుపెట్టారు. కాపలాదారులతో పెనుగులాట జరిగింది. అయిదుగురికి జైలు పడింది. వారానికి ఒక్క సెలవు రోజున ఒక కొండ మీద నడవాలనుకోవడమే వాళ్ళ తప్పు. తరవాత 1949లో జాతీయ ఉద్యానాల చట్టం వచ్చింది, స్కాట్లండులో 2003 నాటి భూసంస్కరణ చట్టం బాధ్యతగా నడిచే ఎవరికైనా కొండల మీద హక్కు ఇచ్చింది. ఆ కార్మికులకు కాలు పెట్టడమే స్వేచ్ఛ. వారిని ఎవరూ అపచారులనలేరు.

గడ్చిరోలి గుట్టల చరిత్రలోనూ అలాంటి కంచె ఉంది. సిరోంచ ప్రాంతం 1860లో నిజాం నుంచి ఇంగ్లీషువాళ్ళకు దక్కింది. టేకు విలువ తెలిసినవాళ్ళు అడవిని గీతలు గీసి పంచుకున్నారు. భారత అటవీ చట్టం, 1927 లోని 26వ సెక్షన్ ప్రకారం రిజర్వు అడవిలో అనుమతి లేకుండా అడుగుపెట్టడమే నేరాల జాబితాలో ఉంది. తాతల నాటి బాట మీద నడిచే మనిషి ఒక్క రాత్రిలో చొరబాటుదారు అయ్యాడు. 1980 తరవాత ఈ గుట్టల్లోకి తుపాకులు వచ్చాయి. మావోయిస్టులకూ పోలీసులకూ మధ్య నలిగిన ఆ ఏళ్ళలో అడవిలో నడిచే మనిషిని రెండు వైపులవాళ్ళూ అనుమానంగా చూశారు. ఎక్కడికి పోతున్నావు, ఎవరిని కలిశావు అన్న ప్రశ్నల మధ్య ఇప్పపువ్వు ఏరుకున్న తరం అది.

అందుకే ఒక తేడా స్పష్టంగా పట్టుకోవాలి. మాడియా రైతు తన దేవుడి గుట్ట ముందు తనంత తాను ఆగితే అది మర్యాద. అదే రైతును గార్డు ఆపితే అది అధికారం. రెండింటిలోనూ కాలు ఒకేచోట ఆగింది. కానీ మొదటిదానిలో గుట్ట మనిషిది కాదన్న ఒప్పుకోలు ఉంది, రెండోదానిలో గుట్ట మరో మనిషిదన్న హెచ్చరిక ఉంది. నడిచే హక్కు చేతిలో ఉన్నవాడే నడవకుండా ఉండగలడు. హక్కు లేనివాడు ఆగిపోవడంలో భక్తి ఎంతో భయం ఎంతో ఎవరు చెప్పగలరు?

హెదర్ కొండల ఊసు వచ్చింది కనుక ఒక మనిషి గురించి చెప్పాలి. స్టీఫెన్ హిస్లాప్ 1817లో స్కాట్లండులోని డన్స్ అనే ఊళ్ళో పుట్టాడు. ఊరికి ఎగువన లామర్‌మ్యూర్ కొండలు, వాటి మీద విస్తారంగా హెదర్. 1845లో క్రైస్తవ మిషనరీగా నాగపూర్ చేరాడు. నాగపూర్‌లోని హిస్లాప్ కాలేజీ ఆయన పేరు మీద వచ్చిందే. మత ప్రచారానికి ఊళ్ళు తిరుగుతూ రాళ్ళు ఏరాడు, శిలాజాలు పోగుచేశాడు. పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని మాలేడి దగ్గర దొరికిన ప్రాచీన చేప పళ్ళకు 1859లో సెరటోడస్ హిస్లోపియానస్ అని పేరు పెట్టారు. ఆయనే గోండు పాటగాళ్ళ నోట లింగో గాథ విని, ఆ మాటలను రాసుకున్నాడు. 1863 సెప్టెంబరులో ప్రాచీన రాతి సమాధులు చూసి వస్తూ పొంగిన వాగులో మునిగి చనిపోయాడు. ఆయన కాగితాలను రిచర్డ్ టెంపుల్ 1866లో అచ్చువేయించాడు. గోండుల దేవుళ్ళను వదిలించాలని వచ్చిన మనిషి రాతల్లోనే, ఆ దేవుళ్ళ పుట్టుక కథ తొలిసారి అచ్చుకెక్కింది. గుహలో బందీలైన గోండు దేవతలను లింగో విడిపించిన కథ అది. గోందియా జిల్లాలోని కచార్‌గఢ్ గుహను ఆ చోటుగా గోండులు కొలుస్తారు. అక్కడి యాత్ర కూడా మాఘ పౌర్ణమికే. ఒకే వెన్నెలలో ఇటు మేడారంలో సమ్మక్క గుట్ట దిగుతుంది, అటు కచార్‌గఢ్‌లో జనం దేవుళ్ళున్న గుట్ట ఎక్కుతారు.

హిస్లాప్ ఏరిన రాళ్ళు మరో పెద్ద ప్రశ్నను తెచ్చాయి. ప్రాణహిత ఒడ్డున సిరోంచ తాలూకాలోని కోట గ్రామం పేరు మీదే భూవిజ్ఞానులు ఇక్కడి ఒక శిలాస్తరాన్ని కోట స్తరమంటారు. అందులో చేపల శిలాజాలున్నాయి. అంటే ఈ నేల ఒకప్పుడు నీటి అడుగు. అదే తాలూకాలో పోచంపల్లి దగ్గర 1958 నుంచి కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు తవ్వి తీసిన రాక్షస బల్లి ఎముకలకు 1975లో బారపాసారస్ టాగోరీ అని పేరు పెట్టారు, రవీంద్రనాథ్ టాగూర్ మీది గౌరవంతో. సుమారు పద్ధెనిమిది కోట్ల ఏళ్ళ నాటి జంతువు అది. ఇంత పొడవైన కాలం ముందు గుట్ట దేవుడెక్కడ? ఈ రాయి ఇసుకగా ఉన్నప్పుడు ఇక్కడ మనిషి లేడు, మొక్కు లేదు.

ఈ వాదన బలమైనదిగా కనిపిస్తుంది గాని, అది కొట్టేది వేరేచోట. గుట్టను దేవుడు ఫలానా రోజున సృష్టించాడని చెప్పే మతానికి శిలాజం చిక్కు తెస్తుంది. హిస్లాప్ కాలపు క్రైస్తవం ఆ చిక్కులోనే పడింది. గుట్ట తనకన్నా ముందుది, తన తరవాతా ఉండేది, అందుకే పెద్దది అని చెప్పే మతానికి పద్ధెనిమిది కోట్ల ఏళ్ళ లెక్క బలమే ఇస్తుంది. రాయి ఎలా ఏర్పడిందో చెప్పడం ఒక జ్ఞానం. దాని ముందు ఎలా నిలబడాలో చెప్పడం మరో జ్ఞానం. రెండూ ఒకే మనిషిలో ఇమడగలవు.

మన వేమన అడిగే ప్రశ్న ఇంకా పదునైనది. రాళ్ళకు మొక్కడాన్ని ఆయన ఎంత కరుగ్గా నిలదీశాడో తెలుగువాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆయన కోపం ఎవరి మీదో కూడా చూడాలి. కొండ నుంచి రాయిని పెకలించి, ఉలితో చెక్కి, గుడి కట్టి, తలుపు పెట్టి, లోపలికి ఎవరు రావాలో ఎవరు రాకూడదో చెప్పే ఏర్పాటు మీద. గుట్ట దేవుడి దగ్గర పెకలించడం లేదు, ఉలి లేదు, తలుపు లేదు. అక్కడ పెర్మా అనే పూజారి కూడా మామూలు రోజుల్లో నాగలి పట్టే రైతే.

వేదాంతం చదివినవాళ్ళ అభ్యంతరం వేరు. దేవుడు సర్వాంతర్యామి అయితే ఈ గుట్టకే ఎందుకు ప్రత్యేకత? అన్ని గుట్టలూ, అన్ని అడుగులూ ఆయన మీదే కదా? ఆలోచనగా ఇది ఎత్తైనదే. ఆచరణలోకి వచ్చేసరికి ఒక ప్రమాదం దాగి ఉంది. అంతటా ఉన్నవాడికి ఎక్కడ తవ్వినా నష్టం లేదు. సర్వాంతర్యామి అన్న మాట ఏ గనికీ అడ్డు రాలేదు. ‘ఈ గుట్ట వద్దు’ అన్న మాటే అడ్డు వచ్చింది. అనంతాన్ని కొలిచే మతాలు ఆ ఒక్క మాట చెప్పలేకపోయిన చోట, అక్షరం రాని మాడియా పెద్దలు చెప్పారు.

చెప్పిన చోటు సూర్జాగఢ్. జిమల్‌గట్ట ఉన్న గడ్చిరోలి జిల్లాలోనే, ఏటపల్లి తాలూకాలో ఉంది ఆ కొండ. ఇనుప ఖనిజం మేలైనది. మాడియాలకు అది ఠాకూర్‌దేవ్ కొండ. ఏటా జనవరి మొదటి వారంలో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు యాత్రగా అక్కడ కూడతారు. 2007లో ఒక కంపెనీకి 348 హెక్టార్ల పైచిలుకు లీజు ఇచ్చారు. 2016 డిసెంబరులో మావోయిస్టులు అక్కడ పదుల కొద్దీ లారీలు తగలబెట్టారు. 2021 నుంచి తవ్వకం మళ్ళీ ఊపందుకుంది. లారీలు ఆలాపల్లి మీదుగా నడుస్తాయి. యాత్ర ఆగలేదు. కొండ తగ్గుతోంది.

ఇనుము అక్కర్లేదని ఎవరూ అనరు. గడ్చిరోలి యువకులకు ఉద్యోగాలు కావాలి, ఆ గనిలో పనిచేసేవాళ్ళలో ఆదివాసులూ ఉన్నారు. వాళ్ళను తప్పుపట్టే హక్కు దూరంగా కూర్చుని ఫ్యాను కింద చదివేవారికి లేదు. అసలు సమస్య ఎక్కడుందంటే, కొండ విలువ తేల్చే కాగితాల్లో టన్నులకు గడి ఉంది, హెక్టార్లకు గడి ఉంది, నడకకు గడి లేదు.

ఇదే రకం వాదన నియమగిరిలో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఒడిశాలో, రాయగడ, కలహండి జిల్లాల మధ్య ఉన్న ఆ కొండలు డోంగ్రియా కోందుల నియమరాజు నివాసం. దేవుణ్ణి కొలిచే శిఖరం వేరు, బాక్సైటు తవ్వే చోటు వేరు, కాబట్టి మతానికి నష్టం లేదన్నది గని పక్షం మాట. కోందులకు ఆ విభజన అర్థమే కాలేదు. 2013 ఏప్రిల్ 18న కోర్టు మతపరమైన హక్కుకు నష్టం ఉందో లేదో తేల్చమని గ్రామసభలకే అప్పగించింది. పన్నెండు గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. దేవుడు కొండలో ఏ భాగంలో ఉంటాడో కొలిచి చెప్పమన్న ప్రశ్నకు, కొలవడం కుదరదన్నదే ఆ పన్నెండు ఊళ్ళ జవాబు.

తెలంగాణలో ఒక గుట్టకు మరో రకం రక్ష ఉంది. కరీంనగర్ దగ్గర కురిక్యాలలో బొమ్మలమ్మ గుట్ట మీద పదో శతాబ్దంలో పంపకవి తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన శాసనం ఉంది. సంస్కృతం, కన్నడంతో పాటు తెలుగు కంద పద్యాలున్నాయందులో. గ్రానైటు కోసం ఆ జిల్లాలో ఎన్నో గుట్టలు ముక్కలై పోయాయి. ఆ గుట్టను కాపాడండని అడగడానికి మాత్రం చేతిలో అక్షరాలున్నాయి. చదివే సమాజం అక్షరానికి విలువిస్తుంది. అక్షరం చెక్కని, గుడి కట్టని, విగ్రహం పెట్టని గుట్ట తన పవిత్రతను ఎలా రుజువు చేసుకోవాలి? దానికి ఉన్నదల్లా జనం నడిచే తీరు.

నడక రుజువుగా నిలుస్తుందా అని అడిగేవాళ్ళు కేస్లాపూర్ చూడాలి. ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలంలో, పుష్య అమావాస్య నాడు నాగోబా జాతర. దానికి ముందు మెస్రం వంశీయులు తెల్లని దుస్తుల్లో, ఉత్త కాళ్ళతో, రోజుల తరబడి నడిచి జన్నారం మండలంలోని హస్తినమడుగు చేరతారు. గోదావరి నీళ్ళు ఝరి అనే పాత్రలో నింపుకుని తిరిగి నడుస్తారు. దారిలో ఆగే ఊళ్ళు, విడిది చేసే చెట్లు తరాలుగా అవే. కేస్లాపూర్‌లో మర్రిచెట్ల కింద బస చేశాకే పూజ. గంటలో జీపు తేగల నీళ్ళ కోసం ఇంత నడక ఎందుకంటే, ఆ నీళ్ళకు దేవుడి దగ్గర విలువ వచ్చిందే నడక వల్ల. అలాగే మేడారం జాతరకు సమ్మక్క భర్త పగిడిద్దరాజు పూనుగొండ్ల నుంచి పెనక వంశీయుల వెంట అడవి దారుల్లో కాలినడకన వస్తాడు. దేవుడికే నడక తప్పని మతమిది. వీళ్ళ ధర్మశాస్త్రం బాటలోనే ఉంది: ఎక్కడ చెప్పులు విడవాలి, ఎక్కడ రాయి వేయాలి, ఎవరు ముందు నడవాలి, ఎవరు ఎక్కడ ఆగాలి. కొత్తల పండుగ కానిదే కొత్త పంట ముట్టని నియమమూ ఇదే కోవలోది. చేతికి అందినా ఆగడం.

ఇక గుట్ట మీద కాలు పెట్టాలా వద్దా అన్న మొదటి ప్రశ్న. అన్ని గుట్టలకూ ఒకే జవాబు లేదనే ఈ బాటలు చెబుతున్నాయి. తునికాకు గుట్ట ఎక్కాలి, లేకుంటే ఇల్లు గడవదు. తిరుమల ఎక్కాలి, వంగి ఎక్కాలి. చిలకలగుట్ట ఎక్కకూడదు. కిండర్ స్కౌట్ ఎక్కి తీరాలి. ఏ గుట్టకు ఏ నడక అన్నది దాని కింద తరాలుగా బతికినవాళ్ళకు తెలుసు, వాళ్ళనే అడగాలి.

అడిగే వీలు చట్టంలో ఉంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ తన అడవి మీద సామూహిక హక్కు కోరవచ్చు. గడ్చిరోలి జిల్లాలోనే ధానోరా తాలూకా మేండా లేఖా గ్రామం 2009లో ఆ హక్కు పొంది దేశానికి దారి చూపింది. ఆ చట్టం నియమాల్లో పదమూడోది సాక్ష్యాల గురించి. బావులు, శ్మశానాలతో పాటు పవిత్ర స్థలాలనూ అది సాక్ష్యంగా ఒప్పుకుంటుంది. హక్కు కోరేవారు కాక ఊరిలోని ఇతర పెద్దలు చెప్పింది రాసుకుంటే దాన్నీ ఒప్పుకుంటుంది. ఇబ్బంది వచ్చేది రాసే చోటే. అడవి వాడకానికి గుర్తులు చూపడం తేలిక: బాట, పశువుల దొడ్డి, ఆకు కల్లం. ఎవరూ ఎక్కని గుట్టకు బాట ఉండదు. వాడకం కనిపించదు కనుక ఆ గుట్ట ఊరిది కాదని సర్వేలో తేలిపోయే ప్రమాదం ఉంది. మర్యాదగా ఆగినందుకే గుట్ట చేజారితే అంతకన్నా అన్యాయం లేదు.

పెద్దలు మాడియాలోనో తెలుగులోనో చెబుతారు, కాగితం మీద మరాఠీలో పడుతుంది. పూజాస్థలం అన్న ఒక్క మాట రాసి, పటం మీద ఒక చుక్క పెడితే సరిపోదు. ఆ చుక్క చుట్టూ ఉన్నదంతా గనికి వదిలేసినట్టే, నియమగిరిలో శిఖరం వేరు, గని వేరు అన్నవాళ్ళ వాదనను ముందే ఒప్పుకున్నట్టే. గుట్ట మొదలు ఎక్కడ, జనం ఏ చెట్టు దగ్గర చెప్పులు విడుస్తారు, ఏ రోజున ఎవరు పైకి వెళతారు, మిగతావాళ్ళు ఎక్కడ నిలబడతారు, ఏ వైపు నుంచి కొమ్మ కూడా విరవరు అన్నదంతా చెప్పినవారి మాటల్లోనే రాయించాలి, రాసింది వాళ్ళ భాషలో చదివి వినిపించాలి, ఆ తరవాతే వేలిముద్ర తీసుకోవాలి. ఈ పనికి ఊళ్ళో చదువుకున్న పిల్లలు చాలు. తెలుగు, మరాఠీ, మాడియా మూడూ వచ్చినవాళ్ళు జిమల్‌గట్ట చుట్టుపక్కల పల్లెల్లో కావలసినంత మంది ఉన్నారు.